జమ్మికుంట కోసం నేను పెట్టిన దరఖాస్తు

రాజులు యుద్ధాలు చేసి ఊళ్లు గెలిచేవారట. నేను కరీంనగర్‌లో ఒక గదిలో కూర్చుని, పదకొండు పంక్తుల ప్రోగ్రాం రాసి, బుధవారం నాడు జమ్మికుంట నాకిమ్మని అడిగాను. గురువారం కరీంనగర్ జిల్లా మొత్తం అడిగాను. శుక్రవారం నాడు ఒకావిడ చేతిసంచీలో రబ్బరు ముద్ర వేసుకుని బస్సెక్కి రాకపోయి ఉంటే నా రాజ్యం ఎక్కడిదాకా పాకేదో చెప్పలేను. ఈ దండయాత్రలో పత్తి రైతుల సంఘం ఒకటి మునగబోయింది. నవ్వడానికి మీకు పూర్తి అనుమతి ఇస్తున్నాను. జమ్మికుంటలో ఎవరూ అనుమతి అడగలేదనుకోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బీటెక్ పట్టా మీద లామినేషన్ ఇంకా వేడి తగ్గలేదు. ఆ వయసులో మగవాడికి తెలియనివి రెండే ఉంటాయి. తనకేం తెలియదన్నది ఒకటి, అది ఎవరినైనా అడగొచ్చన్నది రెండోది.

మా ఆఫీసు చిన్నది. సంఘాలకు, బడులకు, దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టేది. మా పెద్ద ప్రభుదాస్ సార్. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపించేవాడు, మిగతా ఆరు రోజులు మమ్మల్ని. శ్రుతి తప్పినవాణ్ని ఆయన ఎక్కడా తిట్టడు. గొంతు తగ్గిస్తాడు. ఆయన గొంతు ఎంత తగ్గితే మన తప్పు అంత పెద్దదని లెక్క.

ఇక్కడ కాస్త చదువు చెప్పక తప్పదు, ఓర్చుకోండి. మీరు ఫోన్లో ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే పైన చిన్న తాళంకప్ప గుర్తు కనిపిస్తుంది కదా. అది ఊరికే రాదు. దానికి సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీలుంటాయి. వాటికి ముందు దరఖాస్తు ఫైలు పంపాలి. ఆ ఫైలు తెరిస్తే, పిల్లి కీబోర్డు మీద అటూ ఇటూ నడిచి, అలసిపోయి దాని మీదే పడుకున్నట్టుంటుంది. దాన్ని విప్పితే లోపల అడిగేవాళ్లెవరో ఒక వరుసలో బయటపడుతుంది: దేశం, రాష్ట్రం, ఊరు, సంస్థ పేరు, చివరికి వెబ్‌సైట్ పేరు. మధ్య మధ్య కామాలు. ఒక్కో వివరం ముందు అదేమిటో చెప్పే పొట్టి గుర్తు: దేశం ముందు ‘సీ’, సంస్థ ముందు ‘ఓ’, వెబ్‌సైట్ ముందు ‘సీఎన్’, ఇట్లా. ఈ గుర్తులను దయచేసి మనసులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నాకు ముందు మా ఆఫీసులో ఆ వరుసను సరోజ మేడం చదివేది. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి చూసి, ఆర్డర్ ఫారంలో కొట్టేది. ఒక్క దరఖాస్తుకు పది నిమిషాలు. ఏళ్ల తరబడి ఒక్క తప్పు లేదు. ఇంత నెమ్మది నా కంట పడింది. కూసే గాడిద వెళ్లి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. నేను కూయడమే కాదు, మేసే పనిని కంప్యూటర్‌కు అప్పగిస్తానన్నాను. రెండు రోజుల్లో ప్రోగ్రాం రాసి ప్రభుదాస్ సార్ ముందు పెట్టాను.

“ఎట్ల సదువుతది ఇది?” అన్నాడు సార్.

“కామా కాడ కోస్తది సార్. ముక్కలు లెక్కవెడ్తది. నాలుగోది సంస్థ పేరు, అయిదోది వెబ్‌సైట్ పేరు.”

“ఎప్పుడూ అయిదోదేనా?”

“ఎప్పుడూ సార్.”

“ఈ పనికి తయారుగ పనిముట్టు ఉంటది కద సంపత్. గుర్తు చెప్పి అడిగితె ఇస్తదంట.”

“ఉన్నది సార్. దాన్ని వాడుడు తెలవాలంటె పన్నెండు పేజీలు సదవాలె. నాది పదకొండు పంక్తులే.”

“మరి ముందున్న గుర్తులేం చేసినవ్?”

“అడ్డం వస్తున్నయని ఊడ్చేసిన సార్.”

సార్ గొంతు కొంచెం తగ్గింది. “పరీక్ష చేసినవా?” అన్నాడు. ఆ తగ్గడం మెచ్చుకోలు అనుకున్నాను.

పరీక్ష చేయకేం. అయిదు దొంగ దరఖాస్తులు నేనే తయారుచేసుకున్నాను. ఏబీసీ కంపెనీ, ఎక్స్‌వైజెడ్ కంపెనీ, అట్లాంటివి. ప్రశ్నపత్రం నాదే, జవాబు నాదే, దిద్దిందీ నేనే. అయిదుకు అయిదు వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో, తలుపేసుకుని, అద్దం ముందు గెలిచాను.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఏబీసీ కంపెనీది ఏ ఊరు? మా దిక్కు ఎవరి పేరూ ఒంటరిగా తిరగదు. కొత్త మనిషి కనబడితే ముందు ఏ ఊరని అడుగుతారు, పేరు తర్వాత, అవసరం పడితే. ట్రాక్టర్ వెనకాల రాసినా, పెండ్లి కార్డు మీద రాసినా, గుడికి ఫ్యాన్ ఇచ్చి దాని రెక్క మీద రాసినా, పేరు, కామా, ఊరు. మా కాక, అంటే చిన్నాన్న, దుబాయి నుంచి దిగితే సూట్‌కేసు నాలుగు వైపులా పేరు, కామా, ఊరు, కామా, మండలం, కామా, జిల్లా అని మార్కరుతో రాసి ఉంటుంది, కాక దారి తప్పినా సూట్‌కేసు ఇల్లు చేరేలాగ. ఒకటో తరగతి పలక నుంచి మొన్నటి సెలవు చీటీ దాకా నేనే ‘సంపత్, చొప్పదండి’ అని రాసుకున్నవాణ్ని. అలాంటివాణ్ని కామా దగ్గర కత్తి పట్టుకుని కూర్చున్నాను.

నా ప్రోగ్రాంకు మొట్టమొదటి అసలు గిరాకీ జమ్మికుంట పత్తి రైతుల సంఘం. దాని అధ్యక్షురాలు రాజక్క. చదివింది ఏడో తరగతి, నడిపేది సంఘం. ఆమె బాధ ఒక్కటే. పత్తి ఏరగానే రైతులంతా ఒకేసారి మార్కెట్ యార్డుకు వస్తారు. వరుస దొరక్క రెండేసి రోజులు ట్రాలీ మీద, పత్తి మీదే పడిగాపులు పడతారు. వాన పడితే పత్తి తడుస్తుంది, పడకపోతే మనిషి ఎండుతాడు. ఫోన్లో పేరు రాసుకుంటే ఎవరు ఏ రోజు రావాలో తేదీ ఇచ్చే వెబ్‌సైట్ పెట్టిస్తానని సంఘం మీటింగులో లేచి నిలబడి మాటిచ్చింది. అది సోమవారం పొద్దున ఎనిమిదింటికి మొదలుకావాలి.

దాంతో పాటు ఇంకొక పని కూడా చేసింది. ఫోన్ మోసాలు ఎక్కువయ్యాయని, ఇల్లిల్లూ తిరిగి, “పైన తాళంకప్ప గుర్తు లేకుంటె మీ ఆధార్ నంబర్ గాని, బ్యాంకు నంబర్ గాని కొట్టకుండ్రి” అని నేర్పింది. అందరూ శ్రద్ధగా నేర్చుకున్నారు. అంటే నా సర్టిఫికెట్ సోమవారంలోగా రాకపోతే, ఆమె చెప్పిన మాట మీదే నిలబడి, ఆమె పెట్టిన వెబ్‌సైట్‌ను ఒక్కరూ ముట్టరు.

బుధవారం సంఘం దరఖాస్తు వచ్చింది. నా ప్రోగ్రాం రెప్పపాటులో చదివి, ఫారం నింపి, సర్టిఫికెట్ కంపెనీకి పంపింది. సరోజ మేడం వైపు చూసి, కుర్చీలో కొంచెం వెనక్కి వాలాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది.

గురువారం పొద్దున రాజక్క ఫోన్.

“తమ్మీ, గిదేం కథ? ఇప్పుడే ఎవ్వలో పిల్ల ఫోన్ చేసింది. మన మాట కాదు, ఆంధ్ర మాట. ‘మేడం, జమ్మికుంట మీదేనా అండీ’ అన్నది.”

“మీరేమన్నరక్కా?”

“మాదే అన్న. మరి ఎవ్వలదంట? పెండ్లయి వచ్చిన కాంచి ఈడనే ఉంటున్న. ‘అయితే రుజువు కావాలండీ, మీ మెయిల్‌కు ఒక ఫైలు పంపుతాం, దాన్ని జమ్మికుంటలో పెట్టండి, మేం చూసుకుంటాం’ అన్నది. యాడ పెట్టాలె తమ్మీ? బస్టాండ్ల పెడితె గాలికి పోతది. మార్కెట్ల పెడితె మేకలు తింటయి.”

“మీరేం పెట్టకుండ్రక్కా. నేను సూస్త.”

జరిగిందేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది, మీరు నాకంటే తెలివైనవారు. సంఘం పేరులోనే కామా ఉంది. నా కత్తి పేరును మధ్యకు నరికింది. అయిదో ముక్కగా వెబ్‌సైట్ రావాల్సిన చోట ‘జమ్మికుంట’ వచ్చి కూర్చుంది. ఆ పిల్ల పనిచేసే సర్టిఫికెట్ కంపెనీ పద్ధతి గలది. ఏ పేరుకు సర్టిఫికెట్ అడిగితే ఆ పేరు మీ చేతిలో ఉందని రుజువు చూపించమంటుంది. వెబ్‌సైట్ అయితే అందులో ఒక ఫైలు పెట్టి చూపిస్తాం. ఊరైతే ఏం చేస్తాం?

వివేకం ఉన్నవాడు ఆ వరుసను ఒకసారి ప్రింటు తీసి చూసేవాడు. నేను చూడలేదు. కామా ఒకటి ఎక్కువైంది కాబట్టి అయిదోది ఆరోదై ఉంటుందని మనసులోనే తేల్చుకున్నాను. ప్రోగ్రాంలో అయిదు కొట్టేసి ఆరు రాశాను. మళ్లీ పంపాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కి, కడిగి, ఆ కడిగిన నీళ్లతో ఇంకింత అడుసు చేశాను.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఫోన్ మోగింది.

“తమ్మీ, గా పిల్లనే మళ్ల చేసింది. ఇప్పుడు కరీంనగర్ జిల్లా మీదేనా అంటున్నది.”

సంఘం పేరులో ఊరి తర్వాత ఇంకో కామా, ఆ కామా తర్వాత జిల్లా ఉన్నాయని ఆ క్షణంలో, చాలా ఆలస్యంగా తట్టింది.

“పొద్దుగాల ఊరు, పొద్దుమూకంగ జిల్లా,” అంది రాజక్క. “ఎలక్షన్ల నిలవడ్డోళ్లు గూడ గింత జల్ది ఎదుగరు తమ్మీ.”

“మీరేం జెప్పిన్రక్కా?”

“జిల్లా మాది కాదన్న. జమ్మికుంటనైతె ఇడిశిపెట్ట అన్న.”

ఈ సంగతి ప్రభుదాస్ సార్‌కు చెప్పాల్సి వచ్చింది.

“రేపు రాష్ట్రం అడుగుతవా?” అన్నాడు.

“రాష్ట్రం రెండో ముక్క సార్. అటు దిక్కు పోలే.”

ఆ తర్వాత సార్ ఏదో అన్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. అర్థం కాకపోవడమే మంచిదయింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది తప్పు మాత్రమే అయ్యేది. నేను దాన్ని ప్రతిభ స్థాయికి తీసుకెళ్లాను. ప్రోగ్రాం బాగానే ఉంది, పేరే బాగాలేదు అని తేల్చాను. రాజక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, మీ సంఘం పేర్ల కామాలున్నయి. జర అవి తీసేసి, ఊరు, జిల్లా గూడ తీసేసి, మళ్ల దరఖాస్తు పంపుండ్రి. ఊరికి వేరే గడి ఎట్లయినా ఉన్నది.”

“ఊరు తీసేయాల్నా?”

“అవునక్కా. అంతే.”

“రేపొస్తున్న,” అని పెట్టేసింది.

శుక్రవారం పది గంటలకు వచ్చింది. చెప్పులు తలుపు బయట విడిచి, నా బల్ల ముందు కూర్చుని, చేతిసంచీలోంచి సంఘం రిజిస్ట్రేషన్ కాగితం తీసింది. లెటర్ ప్యాడ్ తీసింది. రబ్బరు ముద్ర, దాని ఇంకు డబ్బీ తీసింది. నా నోటు పుస్తకం ముందుకు లాక్కుని ఒక ముద్ర కొట్టింది. పేరు, కామా, జమ్మికుంట, కామా, కరీంనగర్ జిల్లా.

“గిది మా పేరు,” అంది. “ఊరు లేని సంఘమంటె జనం ఏమనుకుంటరు తెలుసా? డబ్బులు పట్కొని రాత్రికి రాత్రి మాయమయ్యే సంఘమనుకుంటరు. నీకు అడ్డమొస్తున్నదని మా ఊరిని తీసెయ్యమంటవా?”

“అట్ల కాదక్కా, ప్రోగ్రాం...”

“మా మరిది మల్లయ్య ఉన్నడు. సోమవారం ఎనిమిదింటికి ఫోన్ చేతుల వట్టుకొని యార్డుల నిలవడ్తడు. తాళంకప్ప పడకుంటె, ‘వదినెనే జెప్పింది గద, నొక్కొద్దని’ అంట నా మాట నాకే అప్పజెప్తడు. ఆయన నొక్కకుంటె వెనకున్నోళ్లు ఒక్కలు నొక్కరు. అందరు మళ్ల ట్రాలీల మీద పండుకుంటరు. నేను మీటింగుల నిలవడి మాటిచ్చిన తమ్మీ. ఏదీ, మా పేరు యాడ తెగిందో సూపెట్టు.”

అప్పుడు, మూడో రోజున, మొదటిసారి ఆ వరుసను ప్రింటు తీశాను. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. బ్యాంకు ఫారాలు నింపీ నింపీ ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటుంది. కాగితం మీద వేలు మెల్లగా కదిలింది. ఎక్కడో చూసిన వేలు అనిపించింది. సరోజ మేడం వేలు అలాగే కదిలేది.

“గీ ముందట ఉన్న పొట్టి అచ్చరాలేంది?”

“అవి గుర్తులక్కా. ఏదేందో చెప్తయి.”

“జమ్మికుంటకు ముందట లేదు. జిల్లాకు ముందట లేదు. గీ ఆఖరుదానికి ఉన్నది.”

“అది సీఎన్ అక్కా. వెబ్‌సైట్ పేరు అన్నట్టు.”

“అంటె వెబ్‌సైట్ పేరు యాడున్నదో ఈడ రాసే ఉన్నది.”

“ఉన్నదక్కా.”

“మరి నువ్వు లెక్కవెట్టుడెందుకు?”

ఈ ప్రశ్నకు నాలుగేళ్ల ఇంజినీరింగులో నాకు ఎవరూ జవాబు నేర్పలేదు.

“తమ్మీ, నువ్వు ఎన్నడన్న మా యార్డుకు వచ్చినవా?” అంది. “పొద్దుగాల పత్తి కుప్పలు పోస్తరు. కుప్ప కుప్ప మీద ఒక చీటీ పెడ్తరు, రైతు పేరు, ఊరు రాసి. కొనేటోడు వచ్చి అయిదో కుప్ప ఎవ్వలదని అడుగడు. నడుమ ఇంకో బండొచ్చి కుప్ప పోస్తె అయిదోది ఆరోదైతది, ఆరోది ఏడోదైతది. అందుకే చీటీ సూస్తడు. నువ్వేం జేసినవంటె, చీటీలన్ని చీపురు వెట్టి ఊడ్చి, కుప్పలు లెక్కవెడ్తున్నవు.”

వెనక నుంచి ప్రభుదాస్ సార్ గొంతు వినిపించింది. ఈసారి అందరికీ వినబడేంత స్పష్టంగా.

“ఆమెన్,” అన్నాడు.

ఆ పన్నెండు పేజీలు తెరిచాను. పన్నెండూ చదవాల్సిన అవసరం రాలేదు. మొదటి పేజీలోనే ఉంది: గుర్తు చెప్పి అడగండి, ఆ వివరం ఇస్తాను, లోపల ఎన్ని కామాలున్నా నాకు ఫికర్ లేదు అని. మర్యాద గల పనిముట్టు. మూడు పంక్తుల్లో పని అయిపోయింది. ‘ఓ’ ఇవ్వమంటే సంఘం పేరు రెండు కామాలతో సహా, చీర మడత నలగనట్టుగా వచ్చింది. ‘సీఎన్’ ఇవ్వమంటే వెబ్‌సైట్ పేరు వచ్చింది. పంపేముందు కాగితం సరోజ మేడం చేతిలో పెట్టాను. ఆమె పది నిమిషాలు చూసింది. ఆ పది నిమిషాలు నేను నిలబడే ఉన్నాను, ఎవరూ నిలబడమనలేదు.

రాజక్క బస్సుకు లేవకముందే సర్టిఫికెట్ కంపెనీ అమ్మాయి మూడోసారి ఫోన్ చేసింది. ఈసారి వెబ్‌సైట్ పేరు చదివి, భయం భయంగా, “ఇది మీదేనా అండీ” అంది.

“మాదే,” అంది రాజక్క. “జమ్మికుంట గూడ మాదే గని, గా రుజువు తర్వాత చూసుకుందాం బిడ్డా.”

ఫైలు పెట్టాల్సిన చోట పెట్టాం. మేకలు రాలేదు. శనివారం సర్టిఫికెట్ వచ్చింది.

సోమవారం నేను పొద్దున్నే జమ్మికుంట పోయాను. ఎవరూ పిలవలేదు. యార్డు గేటు దగ్గర పదిహేను ఇరవై మంది రైతులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ముందు మల్లయ్య. రాజక్క పక్కనే చాయ గ్లాసు పట్టుకుని నిలబడింది, తాగడం లేదు. ఎనిమిదయింది. మల్లయ్య ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టాడు. పత్తి నాణ్యం చూసేవాడు కూడా అంతసేపు చూడడు.

“వదినె,” అన్నాడు చివరికి. “కప్ప వడ్డది.”

నంబర్ కొట్టాడు. గురువారం రమ్మని తేదీ వచ్చింది. “గురువారమంట,” అని వెనక్కి తిరిగి చెప్పాడు. వెనకున్నవాళ్లంతా తలలు వంచుకుని నొక్కడం మొదలుపెట్టారు. రాజక్క చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు నన్ను చూసింది.

“మల్లయ్యా, వీడే,” అంది. “మన ఊరిని అడిగినోడు.”

“గింత సన్నగున్నడు,” అన్నాడు మల్లయ్య, నన్ను పైనుంచి కిందికి చూసి. “జిల్లా ఎట్ల మోస్తుండె?”

అక్కడే, అందరి ముందు, సంఘం లెటర్ ప్యాడ్ మీద నాతో ప్రమాణం రాయించారు. అక్షరం పొల్లుపోకుండా ఇది: “జమ్మికుంట మీద గాని, కరీంనగర్ జిల్లా మీద గాని నాకు ఏ హక్కూ లేదు. ఇకమీదట నేను బతికున్నంత కాలం కామాలు లెక్కపెట్టను. చీటీ ఉన్నచోట చీటీ చదువుతాను. పన్నెండు పేజీలున్నా మొదటి పేజీ తప్పక తెరుస్తాను. ఎవరి పేరులోంచీ వాళ్ల ఊరిని తీసేయమని అడగను.”

కింద సంతకం పెట్టి, చేతి అలవాటు కొద్దీ, ‘సంపత్, చొప్పదండి’ అని రాశాను.

రాజక్క కళ్లజోడు పెట్టుకుని, వేలు కదుపుతూ, చివరిదాకా చదివింది. చివరి మాట దగ్గర వేలు ఆగింది.

“మల్లయ్యా, గీ పిలగాన్ని కామా కాడ కోస్తె ఏమైతది?”

మల్లయ్య వంగి చూశాడు. “సంపత్ ఒక ముక్క, చొప్పదండి ఒక ముక్క, వదినె.”

“సంపత్‌తోని మనకేం పని లేదు,” అంది రాజక్క. “చొప్పదండి తీసుకుందాం.”

అని ముద్ర తీసి, మా ఊరి పేరు మీద కొట్టింది. ఆ కాగితం ఇప్పటికీ సంఘం గోడకు వేలాడుతోంది. చొప్పదండిలో ఈ సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.